అర్థాల ఫారం లేని పుస్తకం

దారం పిన్నికి అసలు పేరు ఉండే ఉంటుంది. ప్రెస్సు పుస్తకాలు ఇంట్లో కుట్టీ కుట్టీ ఆ పేరే ఖాయమైపోయింది. ఒళ్లో అచ్చు కాగితాలు, చేతిలో సూది, చెవులు మాత్రం ఎప్పుడూ వీధిలో. ఎవరింట్లో తలుపు గట్టిగా పడినా ఎందుకో ఆరా తీయకపోతే ఆమెకు ముద్ద దిగదు.

కుట్టే ప్రతి పుస్తకాన్నీ చదివేది. బడి మొహం చూసింది నాలుగేళ్లే అయినా మాటలంటే చచ్చేంత ఇష్టం. అలా బురుజు, కందకం, పహరా, దివిటీ లాంటివి బోలెడు మూటగట్టుకుంది. మనవరాలేమో "అది", "ఇది", "దాని పక్కది" అంటూ వేలు చూపించి రోజు గడిపేసేది. ఇంత భాష పెట్టుకుని ఈ పిల్లకి మాటల కరువేమిటా అని పిన్నికి దిగులు పట్టుకుంది.

అందుకని కూర్చుని ఓ కథ రాసింది. ఒక పిల్ల లిఫ్టు ఎక్కుతుంది. తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా వందల ఏళ్ల కిందటి కోట! అక్కడ ఏ మాటకీ అర్థం అడగకూడదు. అడిగిందా, పరాయిదని తెలిసిపోతుంది, చీకటి కొట్లో వేసేస్తారు.

ప్రెస్సు ఓనరు చదివి తల గోక్కున్నాడు.

"కథ బాగుంది పిన్నీ. మాటలే ఇనప గుగ్గిళ్లు. పిల్లలు నమల్లేరు."

"పళ్లొచ్చిన పిల్లలకేగా బాబూ ఇస్తున్నది!"

"నీతో గెలవలేను. వెనకాల మాటల అర్థాలతో ఒక ఫారం వేద్దాం. ముందు ఒక్క నమూనా ప్రతి కుట్టి మీ వీధి పిల్లలకివ్వు. చివరిదాకా చదివితే పుస్తకం వేస్తా. మధ్యలో పారేస్తే మళ్లీ నా దగ్గర ఈ ఊసెత్తకు."

ఫారమంటే పెద్ద కాగితం మడిస్తే వచ్చే పేజీల కట్ట. కుట్టడం అయ్యాక ప్రతి ఫారం అడుగునున్న అంకె వరసగా చూసుకోవడం పిన్ని అలవాటు. ఆ రోజు మాత్రం పక్కింట్లో మొగుడూ పెళ్లాల మధ్య గొడుగు ఎవరు పోగొట్టారన్న తగువు మంచి పాకాన పడింది. చెవి అటు, చెయ్యి ఇటు. అట్ట అతికించింది, అంచులు కోసింది, పిల్లల చేతిలో పెట్టేసింది. తర్వాత జిగురు డబ్బా కడుగుదామని ఎత్తితే దాని అడుగుకి అంటుకుని అర్థాల ఫారం!

పిన్ని పుస్తకం లాక్కొద్దామని మెట్లెక్కింది. మలుపులో మనవరాలి గొంతు వినబడి గోడ చాటున ఆగిపోయింది.

"'వంతెన పైకి లాగేశారు. ఇక కందకం దాటే దారి లేదు.'"

"కందకం అంటే?" అన్నాడు పక్కింటి పిల్లాడు.

"వెనకాల అర్థాలున్నాయంది అమ్మమ్మ." పేజీలు తిప్పిన చప్పుడు. "లేవే!"

అయిపోయింది నా పని, అనుకుంది పిన్ని.

"అయినా మనం అడక్కూడదుగా! కొట్లో వేసేస్తారు," అన్నాడు పిల్లాడు.

"వంతెన ఉందంటే కింద నీళ్లుంటాయిరా, మొద్దూ."

"నువ్వే మొద్దువి. నీళ్లుంటే మీ అమ్మమ్మ ఏరనే రాసేదిగా?"

"ఏరెక్కడైనా కోట చుట్టూ తిరుగుతుందా? ఎవరూ రాకుండా తవ్వించి ఉంటారు."

పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కథ సాగింది. భటులు దివిటీలు పైకెత్తి నిలబడ్డారు.

"జెండాలు!" అన్నారిద్దరూ ఒకేసారి.

ఇక ఆగలేకపోయింది. "జెండాలేమిట్రా, మీ మొహాలు మండా!"

"అమ్మమ్మా! దొంగచాటుగా వింటున్నావా?"

"వింటే ఏం? జెండాలని ఎందుకనుకున్నారో చెప్పండి ముందు."

"పైకెత్తారని నువ్వే రాశావుగా!"

నిజమే. ఆ వాక్యంలో మంట లేదు, పొగ లేదు, చీకటైనా లేదు. కందకం పక్కన వంతెన పెట్టింది కాబట్టి వాళ్లకి దారి దొరికింది. దివిటీని ఒంటరిగా వదిలేసిందే! పిల్లలు పుస్తకం ముగించేదాకా అక్కడే మెట్టు మీద కూర్చుంది.

మర్నాడు ఓనరు ముందు ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"అర్థాల ఫారం కుట్టడం మర్చిపోయాను బాబూ. అయినా చివరిదాకా చదివారు, పోట్లాడుకుంటూ మరీ. ఆ ఫారం వద్దు. దివిటీ దగ్గర మాత్రం వాక్యాలు మార్చాను."

"నీ మనవరాలు నీ పక్షమేగా! మా అమ్మాయికి వినిపించు, చూద్దాం."

ఆ పిల్ల బల్ల మీద కూర్చుని కాళ్లూపుతోంది. పిన్ని చదివింది.

"'గాలి విసురుకి చేతిలో దివిటీ ఆరిపోయింది. పొగ కమురు తప్ప ఏమీ మిగల్లేదు. గోడ తడుముకుంటూ మెట్టు కోసం కాలు చాపింది.'"

ఊగే కాళ్లు ఆగిపోయాయి.

"మళ్లీ వెలిగించుకోదా?"

ఓనరు అర్థాల ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దాంతోనే చేతికంటిన సిరా తుడుచుకుని, "రేపు మిషనెక్కిద్దాం పిన్నీ," అన్నాడు.

పిన్ని ఆ మాట విన్నదో లేదో! వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"నువ్వైతే దేంతో వెలిగిస్తావే?"