పసుపెక్కిన ప్లేట్లు

ఆ ప్రయోగశాలలో అందరూ ఆమెను ఆయమ్మ అనేవాళ్ళు. కాగితాల మీద ఆమె టెక్నీషియన్. చేసేది మాత్రం ఆయా పనే. మనిషి శ్వాసనాళపు లోపలి పొరలోంచి తీసిన కణాలను ప్లాస్టిక్ ప్లేట్లలో పెంచడం, వేళకు మేత పెట్టడం, పాత మేత తీసేయడం. "జరగండి, జరగండి, పిల్లలకు ఆకలేస్తోంది" అంటూ వచ్చిందంటే ఎంతటివాళ్ళయినా దారివ్వాల్సిందే. ఇరవై రెండేళ్ళలో ఆమె చేతి మీదుగా ఒక్క ప్లేటులోకి కూడా బాక్టీరియా జొరబడలేదు. ఈ సంగతి ఆమే రోజుకు రెండుసార్లు చెప్పేది కాబట్టి ఎవరూ మరిచిపోయే ప్రమాదం లేదు.

ఆ మేత గులాబీ రంగు ద్రవం. ఆమ్లం పెరిగితే పసుపెక్కుతుంది. బాక్టీరియా వచ్చి పడితే అలాగే అవుతుంది గనుక, పసుపు కనిపించగానే బ్లీచు పోసి పారేయడం అక్కడ అలవాటైపోయింది. రెండోసారి చూసే ఓపిక ఎవరికీ లేదు.

ఒక ఉదయం, పరిశోధన చేస్తున్న అమ్మాయి కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరు తలుపు తీసి కెవ్వుమంది. ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే బాక్టీరియా నుంచి వడకట్టిన విషాన్ని ముందురోజు పన్నెండు ప్లేట్లలో వేసింది. విషం మాత్రమే, బాక్టీరియా కాదు. ఆ పన్నెండూ పసుపెక్కి ఉన్నాయి.

కేక విని ప్రొఫెసరుగారు వచ్చారు, వెనకాలే మిగతా తొమ్మిదిమందీ పోగయ్యారు. "నిన్న మేత మార్చింది మీరే కదా ఆయమ్మా? ఇన్నాళ్ళకు మీ చెయ్యీ జారిందన్నమాట. పోనీలెండి, పారేయండి" అన్నారాయన.

ఆ 'పోనీలెండి' ఆమె గుండెలో గుచ్చుకుంది. నెలాఖరుకు రిటైర్మెంటు. ఇన్నేళ్ళ పేరూ ఒక్క మాటతో మట్టిలో కలిసిపోయింది. కళ్ళు తుడుచుకుంటూ బ్లీచు సీసా అందుకుని, చివరిసారిగా ఒక ప్లేటు వెలుతురుకు ఎత్తి చూసింది. ద్రవం పసుపే, కానీ తేటగా ఉంది. బాక్టీరియా పడితే సబ్బునీళ్ళలా మసకేయాలి.

"సార్, నేను పారెయ్యను."

"అదేమిటి?"

"పోలిక కోసం పక్కనే ఉంచిన, విషం వెయ్యని పన్నెండు ప్లేట్లకూ నేనే మేత పెట్టాను, అదే సీసాలోంచి. అవి గులాబీగానే ఉన్నాయి కదా! నా చెయ్యి సగం ప్లేట్లకే పాడైపోయిందా?"

ఆయన ఆమె చేతిలోని ప్లేటు అందుకుని తానూ వెలుతురుకు పట్టి చూశారు. పరీక్షలు మొదలయ్యాయి. రెండు రోజులు వెతికినా ఒక్క బాక్టీరియా దొరకలేదు. ద్రవంలో చక్కెర మాత్రం అడుగంటింది, లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయింది. ఆ అమ్మాయి పరుగున వచ్చి ఆమెను వాటేసుకుంది.

"విషం కణాల్లో శక్తి పుట్టే చోటునే దెబ్బకొట్టింది ఆయమ్మా! వేరే దారిలేక కణాలు చక్కెరను ఆబగా తినేసి ఆమ్లం కక్కుతున్నాయి. ఏడాదిగా నేను వెతుకుతున్నది ఇదే. ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే పసుపెక్కితే నా చేతులతో నేనే పారేశాను!"

"అయ్యో నా పిచ్చితల్లీ!" అని ఆయమ్మ పకపకా నవ్వేసింది.

ప్రొఫెసరుగారు తల గోక్కుంటూ వచ్చారు. "తప్పు నాదేనండీ."

"ఇక్కడ కాదు సార్. ఆ రోజు విన్నవాళ్ళందరి ముందూ చెప్పండి."

తొమ్మిదిమందీ వచ్చి గోడవారగా నిలబడ్డారు. ఆయన గొంతు సవరించుకుని, ఆమె చేతిలో ఏ లోపమూ లేదని, తానే తొందరపడ్డానని చెప్పారు. ఆయమ్మ చేతులు కట్టుకుని చెవులారా విన్నది. ఆనందం ముఖంలో పట్టడం లేదు.

"ఇంకోసారి చెప్పండి సార్, వెనకవాళ్ళకు వినపడలేదు."

వెనక గోడ తప్ప ఎవరూ లేరు. ఆయన మళ్ళీ చెప్పారు.