వదినకి చెప్పని ఫలితం

మంగళవారం పొద్దున్న మా వదిన పోయింది. ఆసుపత్రి నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి, "చిన్నాన్నా, అమ్మ లేదు" అంది. నేను "ఊఁ" అన్నాను. ఎప్పుడూ అంతకంటే ఎక్కువ మాట్లాడినవాణ్ణి కాదు. కానీ ఆ రోజు నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలీదు. ఆమెకి చెప్పవలసిన మాట ఒకటి నోట్లోనే ఉండిపోయింది.

వదిన అన్నయ్యకి రైల్వేలో పని దొరికి రాయపూర్ వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయిన మనిషి. శంకర్ నగర్‌లో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో వంట చేసేది. పక్కపక్క ఇళ్ళు మావి. ఆమెకి పిచ్చి ఒక్కటే, టీవీలో రెజ్లింగ్. మీరు నవ్వుతారేమో. అందులోనూ రూలంటూ లేని పోటీలే కావాలి. బల్లలు విరగ్గొట్టుకోవడం, నిచ్చెన మీంచి దూకడం, ఇనప కుర్చీతో వీపు మీద బాదడం. అమెరికాలో ఆ పెద్ద షోలకి జనం విడిగా డబ్బు కట్టి చూస్తారట. మాకు కేబుల్లో సోమవారం తెల్లారేసరికి వచ్చేవి. ఆ వేళకి వదిన క్యాంటీన్‌లో పొయ్యి దగ్గర ఉండేది. సాయంత్రం మళ్ళీ వేసినప్పుడు చూసేది. ఇంట్లో ఉండే నేను పొద్దున్నే చూసేవాణ్ణి.

అందుకని మాకొక కట్టుబాటు. ఎవరు గెలిచిందీ సాయంత్రం దాకా నేను చెప్పకూడదు. మొహంలో కూడా కనపడకూడదు.

"అటు తిరుగు మరిదీ. నీ మొకం సూస్తే తెలిసిపోతాది," అనేది గేటు తీస్తూనే. నేను గోడవైపు తిరిగి టీ తాగేవాణ్ణి.

ఆ పోటీల్లో ఆమె మనిషి గుండువాడు. నా మనిషి గెడ్డంవాడు. వాళ్ళ పేర్లకి మాకు నోరు తిరిగేది కాదు. ఆ ఇద్దరికీ ఏళ్ళ పగ, మా ఇద్దరికీ అంతే.

"నీ గెడ్డపోడు ఎనకనించి కొడతాడు. మగోడేటి ఆడు?"

"మీవాడు మాత్రం..."

"చుప్! గంట కొట్టీసినారు."

గుండువాడు రింగులోకి రాగానే, తను కూర్చున్న ఇనప కుర్చీ మడిచి గోడకి ఆనించి నేలమీద చతికిలబడేది. అలాంటి కుర్చీతోనే అతన్ని కొడతారు, దానిమీద కూర్చుంటే తనే కొట్టినట్టుంటుందట. ఎదురింటివాళ్ళు "సబ్ నాటక్ హై, అమ్మా" అంటే ఒకటే జవాబు: "ముందే మాటాడుకుని పడినా, నడుం ఆడిదే గదా." తన నడుం పట్టేసిన రోజుల్లో ఆ మాట నాకు వేరేగా వినపడేది.

ఈమధ్య ఆ ఇద్దరికీ వయసు మీద పడి ఆఖరి పోటీ అన్నారు. నిచ్చెన పోటీ, రింగు పైన వేలాడేసిన బెల్టుని ఎవరు ఎక్కి తీస్తే వాళ్ళే గెలిచినట్టు. ఓడినవాడు ఇంక రింగెక్కకూడదు. వదిన రోజూ దాని మాటే. సరిగ్గా ముందురోజు, ఆదివారం, ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేర్చాం.

సోమవారం తెల్లారి నేను చూశాను. గుండువాడే గెలిచాడు. మొహమంతా నెత్తురు, ఒక కాలు ఈడ్చుకుంటూ ఎక్కాడు. నావాడు ఓడినా నాకు బాధ లేదు. మధ్యాహ్నం ఆసుపత్రి మెట్లు గబగబా ఎక్కేశాను.

గుమ్మంలోనే పట్టేసింది. "సూసీసినావేటి?"

"ఊఁ."

"సెప్పకు. ఇంటికొచ్చి సూస్తాను. అటు తిరుగు."

కిటికీవైపు తిరిగి కూర్చున్నాను, ఉండనిచ్చినంతసేపూ. వెనకనించి ఆమె గొంతు వినపడుతోంది, క్యాంటీన్‌లో ఎవరు వండుతున్నారని కూతుర్ని అడుగుతోంది. గొంతు సన్నబడింది. తిరిగి చూద్దామనిపించింది. నా మొహం చెప్పేస్తుందని తిరగలేదు. వచ్చేస్తుంటే, "శభాష్ మరిదీ" అంది. అప్పుడూ చూడలేదు.

అస్థికలు కలపడానికి ఆరంగ్ దాటి మహానదికి వెళ్ళాం. నీళ్ళలో నిలబడి చెప్పేద్దామనుకున్నాను. పక్కన వదిన కూతురు ఉంది. తనూ ఆ పోటీ చూడలేదు. చెప్పకుండానే గట్టెక్కాను.

ఆదివారం సాయంత్రం ఆ పోటీ మళ్ళీ వేశారు. కర్మ కాకుండా టీవీ ఏమిటని చుట్టాలు గొణిగారు. "అమ్మ సూస్తానంది," అని అమ్మాయి సౌండ్ తీసేసి పెట్టింది. తనూ నేలమీదే కూర్చుంది. గుండువాడు కాలీడ్చుకుంటూ నిచ్చెన దగ్గరికొచ్చాడు.

"ఎక్కుతాడా, చిన్నాన్నా?" అంటూ నా మొహంలోకి చూడబోయింది.

నేను గోడవైపు తిరిగాను. అక్కడ ఇనప కుర్చీ ఉంది, వదిన మడిచి ఆనించింది ఆనించినట్టే.