శేషగిరి గారి అరవైల కారు

మొన్న ఆదివారం అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుండగా చెప్పు తెగింది. ఆ మెట్ల కిందే నల్ల గొడుగు పాతుకుని కూర్చున్న చెప్పులు కుట్టే ఆయన ముందు ఒంటికాలి మీద నిలబడ్డాను. ఆయన డబ్బా మూత తీసి, వేలి కొసతో పసుపు పచ్చటి సొల్యూషన్ అట్టకు పూసి, ఆరడానికి ఉఫ్‌మని ఊదాడు. ముక్కుకు ఘాటుగా తగిలి, లోపలికి పోయాక నాలుక వెనకాల కాస్త తియ్యగా మిగిలే వాసన అది. మా ఇంట్లో అగరుబత్తి కన్నా, తాలింపు కన్నా, ఉతికిన బట్టల కన్నా ముందు ఆ జిగురు వాసనే ఉండేది. అది ముక్కుకు తగలగానే ఎనభైల నాటి రేకుల షెడ్డు, దాని ముందు ఆగిన ఎర్ర కారు కళ్ల ముందుకు వచ్చాయి. నా చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లయినా ఆ కారు గుర్తొస్తే నాకు ముందుగా జరిగేది ఇదే.

మాది సిరిసిల్ల వైపు. తాతల నాటి మగ్గం వదిలి మా నాయిన నర్సయ్య ఈ ఊరొచ్చి, అమీర్‌పేట నుంచి పంజగుట్టకు పోయే దారి వెనక సందులో ఒక షెడ్డు పట్టాడు. ముందు సగంలో కుట్టు మిషను, వెనక సగంలో మేము. ఆటోలకు టాపులు, స్కూటర్లకు సీటు కవర్లు కుట్టేవాడు. ఏ బట్ట చేతికొచ్చినా ముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, కళ్లు మూసుకుని, నేసినవాడి చెయ్యి ఎట్లాంటిదో కనుక్కుంటున్నట్టు నలిపి చూసేవాడు. అది రెగ్జిన్ అయినా సరే. పొద్దున సనత్‌నగర్ ఫ్యాక్టరీల కూత వినపడకముందే మిషను టకటక మొదలయ్యేది. మా అమ్మ పొయ్యి మీద సర్వపిండి గిన్నె తిప్పుతూ ఆ చప్పుడును బట్టి ఆ రోజు పని ఎక్కువో తక్కువో చెప్పేది. మిగిలిన రెగ్జిన్ ముక్కలతో సందులో పిల్లలమంతా బంతులు చుట్టుకునేవాళ్లం, తొక్కుడుబిళ్లకు గీతలు నాయిన చాక్‌పీసుతో గీసుకునేవాళ్లం. నా బడి సంచి కూడా ఆటో టాపు గుడ్డే, నల్లగా, అంచుకు పసుపు పట్టీతో. నేను క్లాసులోకి వస్తే "ఆటో వచ్చింది, జరుగుండ్రి" అని వెనక బెంచీ వాళ్లు దారి ఇచ్చేవాళ్లు.

ఆ సంచితోనే శాఖా గ్రంథాలయానికి పోయేదాన్ని. అక్కడ దాని వాసన ఎవరూ పట్టించుకోలేదు. చెక్క బల్లలు, కర్రలకు గుచ్చిన దినపత్రికలు, పైన కిర్రుమని తిరిగే ఫ్యాను, ఏ పుస్తకం అడిగినా "నీకెందుకే" అనకుండా బీరువా తాళం తీసే లైబ్రేరియన్ సారు. నేను పదో తరగతితో బడి ఆపేసినదాన్ని. నాకు తెలిసిందంతా ఆ బల్ల దగ్గర తెలిసిందే, ఆ మాట ఈ రోజుకూ గొప్పగానే చెప్పుకుంటాను. చదివింది పైకి చెప్పకుండా ఉండలేని గుణం కూడా అక్కడే అబ్బింది. అన్నం తింటూ చెప్పేదాన్ని, నీళ్లకు లైన్లో నిలబడి చెప్పేదాన్ని. నాయిన కుడుతూ వినేవాడు. ఆటోవాళ్లు టాపు కోసం వస్తే, "మా బిడ్డను అడుగుండ్రి, ఏదన్న అడుగుండ్రి" అనేవాడు. వాళ్లు గోల్కొండ ఎవరు కట్టారని అడిగేవాళ్లు. నేను చెప్పేదాన్ని.

సందు చివర పెంకుటింట్లో శేషగిరి గారు ఉండేవారు. గుంటూరు వైపు మనిషి, ఏదో ఆఫీసులో పెద్ద గుమాస్తా, పిల్లలు లేరు. ఆయన వాకిట్లో పాత దుప్పటి కింద రెండే సీట్ల ఎర్ర కారు ఉండేది, విదేశీది, నేలకు ఆనుకున్నట్టు పొట్టిగా, ముందు రెండు గుండ్రటి లైట్లతో. సందంతా దాన్ని కప్ప కారు అనేది. దానికి ఇనుప పైకప్పు లేదు, వెనక్కి మడిచే గుడ్డ టాపు ఒక్కటే. ఆదివారాలు దుప్పటి తీసి తుడుస్తూ, చుట్టూ చేరిన మాకు ఆయన ఒకటే ముచ్చట చెప్పేవారు. "అరవైల బండి ఇది. మా అన్నయ్య దీన్నే వేసుకుని కాలేజీకి వెళ్లేవాడు. వెనకాల దుమ్ము లేస్తుంటే ఊరంతా చూసేది." ఆ అన్నయ్య అరవైల్లోనే పోయారని అందరికీ తెలుసు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన గుడ్డ మడత మార్చి తుడిచిన చోటే మళ్లీ తుడిచేవారు.

ఆ ఏడు ఆషాఢంలో బోనాలకు బల్కంపేట ఎల్లమ్మ గుడికి పోతున్న జనం మధ్య కప్ప కారు ఇరుక్కుపోయింది. పోతరాజుల కొరడాలు, డప్పులు, తలల మీద వేపాకు కట్టిన బోనాలు, పసుపు నీళ్లు, ఇంతలో కుండపోత. చిరుగుల టాపులోంచి నీళ్లు కారి శేషగిరి గారు చొక్కాతో సహా ముద్దయి, మర్నాడే బండిని మా షెడ్డు ముందు ఆపి, "నర్సయ్యా, దసరాకి కొత్త టాపు కావాలి" అన్నారు. నాయిన జీవితంలో మొదటి కారు టాపు అది. జాకెట్టుకు పాత జాకెట్టు కొలత తీసుకున్నట్టు, పాత టాపు విప్పి నేల మీద పరిచి, దాని అంచు వెంట గీత గీసి కత్తిరించాడు. కుట్టు లోపల రెండు వేళ్ల వెడల్పు బట్ట మడిచి వదిలాడు, పిల్లల బట్టలకు వదిలినట్టే. చూస్తున్న ఆటో యాదగిరన్న ఊరుకుంటాడా. "ఏం మాస్టర్, వచ్చే ఏడుకల్ల కారు పెరుగుతదా ఏంది?"

"అలవాటు పడ్డ చెయ్యి తమ్మీ. వదలకుంటే బట్ట మీద పాపం చేసినట్టు ఉంటది."

కారు మా ముందే ఉండటంతో నాకు దాని మీద ఆశ పుట్టింది. లైబ్రరీలో, ఎవరో దానం ఇచ్చిన నున్నటి కాగితాల ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది, లోకంలోని పాత కార్ల బొమ్మలతో. నిఘంటువు పక్కన పెట్టుకుని, నాలుగైదు సాయంత్రాలు కూర్చుని, కప్ప కారు పేజీ మొత్తం కూడబలుక్కుని చదివాను. ఆ మోడల్ అరవైల్లో మొదలైంది నిజమే. కానీ అదే ఒంటితో డెబ్బైల చివరిదాకా చేస్తూనే ఉన్నారట. గుర్తు పట్టడానికి ఒకటే తేడా: అరవైల వాటికి మెరిసే ఇనుప బంపర్, డెబ్బైల నడుమ నుంచి వచ్చినవాటికి నల్ల రబ్బరు బంపర్. షెడ్డుకు పరుగెత్తుకొచ్చి చూశాను. నల్ల రబ్బరు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఎట్లాంటిదంటే అమ్మ పెట్టిన అన్నం తినబుద్ధి కాలేదు. నాయినకు చెప్పాను. ఆయన మిషను ఆపి, "గిది సుత పుస్తకంల రాసి ఉంటదా!" అని నా తల మీద చెయ్యి వేశాడు. బండి ఎప్పటిదైతే ఎవరికి ఏమవుతుందో ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

బతుకమ్మలు ఆడి, తంగేడు గునుగు పూలు వాడి, సద్దుల నాటి మలీద ముద్దల నెయ్యి ఇంకా చేతికి జిడ్డుగా ఉండగానే దసరా పొద్దు వచ్చింది. మిషనుకు, కత్తెరకు, సుత్తికి బొట్లు పెట్టాం. కొత్త నల్ల టాపుతో, బంతిపూల దండతో కారు షెడ్డు ముందు నిలబడింది. శేషగిరి గారు పట్టు పంచె కట్టుకుని, భార్యతో, ఆఫీసు స్నేహితులు ఇద్దరితో వచ్చారు. గుమ్మడికాయ కొట్టాక, స్నేహితులకు బండి చూపిస్తూ ఎప్పటి ముచ్చట ఎత్తుకున్నారు. అరవైలు, అన్నయ్య, కాలేజీ, దుమ్ము.

నాయిన పండుగ చొక్కా సర్దుకున్నాడు. "జర ఆగుండ్రి సార్. మా బిడ్డ గీ కారు కథంత లైబ్రరీల సదివింది. చెప్పు బిడ్డా, సార్లకు చెప్పు."

నేను బడిలో పద్యం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని, ఇనుప బంపర్ దగ్గర మొదలుపెట్టి రబ్బరు బంపర్ దాకా, ఒక్క ముక్క తడబడకుండా చెప్పాను. "కాబట్టి ఇది డెబ్బైల కారు" అని ముగించి నాయిన వైపు చూశాను.

స్నేహితుల్లో ఒకాయన పెద్దగా నవ్వారు. "ఏవయ్యా శేషగిరీ, మీ అన్నయ్య పోయింది అరవైల్లో అన్నావుగా? బండి పుట్టకముందే ఎక్కి తిరిగాడా ఏంటి?"

శేషగిరి గారు వంగి, ఆ నల్ల బంపర్ మీద పడ్డ గుమ్మడికాయ గుజ్జు చేతి రుమాలుతో తుడిచారు. ఆయన భార్య తల తిప్పుకున్నారు. అప్పుడు నాయిన ముఖం చూశాను. ఉన్నవాడు ఉన్నట్టే కుంచించుకుపోయాడు. "చిన్నపిల్ల సార్," అన్నాడు, "తప్పు సదివి ఉంటది." నేను తప్పు చదవలేదని ఆయనకు తెలుసు. ఏదన్న అడుగుండ్రి అని ఊరందరి ముందు నిలబెట్టిన మనిషి, నన్ను తెలివితక్కువదాన్ని చేసి అయినా ఆ మాట వెనక్కి తీసుకోవాలని చూశాడు. ఆ మాట వెనక్కి రాలేదు. శేషగిరి గారు బండిని అక్కడే వదిలి నడిచి వెళ్లిపోయారు.

సాయంత్రం సందులో అందరూ జమ్మి ఆకులు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. మా వైపు ఆ ఆకును బంగారం అంటాం. చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో బంగారం పెట్టి కాళ్లు మొక్కాలి, వాళ్లు కళ్లకద్దుకుని దీవించాలి. నాయిన నా చేతిలో గుప్పెడు ఆకు పెట్టి పెంకుటింటికి తీసుకుపోయాడు. గడప దగ్గర నా కాళ్లు ఆగిపోతే వీపు మీద చెయ్యి పెట్టి లోపలికి నడిపించాడు.

"ఏంటమ్మా, బంగారం తెచ్చావా?" అన్నారు శేషగిరి గారు. మొక్కి లేచేసరికి ఆయన నన్ను గోడ మీద ఫోటో దగ్గరికి పిలిచారు. సన్నటి కుర్రవాడు ఒక కారు మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. అదే మోడల్. బంపర్ తళతళలాడుతోంది.

"మద్రాసులో ఎవరిదో బండి రోడ్డు పక్కన ఆగి ఉంటే, పక్కన నిలబడి తీయించుకున్నాడు. ఎర్రదట. ఉద్యోగం రాగానే ఇదే కొంటా, నిన్నే ముందు ఎక్కిస్తా అనేవాడు. వచ్చిన ఏడాదే పోయాడు." ఫోటో అద్దం మీద దుమ్ము వేలితో తుడిచారు. "నేను చాలా ఏళ్లకి కొన్నాను. నేను కొన్న బండి ఎప్పటిదో నాకు తెలియదా తల్లీ? రంగు దొరికింది. ఆ బంపరే దొరకలేదు."

"సార్..." అన్నాడు నాయిన.

శేషగిరి గారు అరచేతిలో జమ్మి ఆకు కళ్లకద్దుకున్నారు. "ఈ ఊరొచ్చినప్పటి నుంచి మీరు బంగారమంటే, ఆకని తెలిసినా నేనూ బంగారమనే తీసుకుంటున్నాను, నర్సయ్యా," అన్నారు. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే ఈ పాటికి మరిచిపోయి ఉండేదాన్ని.

తిరిగి వచ్చాక నాయిన షెడ్డు దగ్గర కారు ముందు నిలబడి అడిగాడు. "బిడ్డా, ముందటి కార్లకు బంపర్ మెరుస్తుండెనా?"

"మెరిసే ఇనుముది నాయినా."

"వెండి లెక్క."

"ఊ."

పండుగ వెళ్లిన రెండు మూడు రోజులకు ఆయన పెళ్లి బ్యాండు వాళ్ల కోసం తెచ్చిన వెండి రంగు రెగ్జిన్ చుట్ట విప్పాడు. బంపర్ ఒంపులకు కాగితం ఒత్తి కొలత తీసి, నాలుగు ముక్కలు కలిపి, సన్నటి పట్టీ వేసి, లోపల రెండు వేళ్ల మడత వదిలి కుట్టి, ఆ మడతలకు సొల్యూషన్ పూసి ఒక్క ముడత లేకుండా లాగి అంటించాడు. ఎంత బాగా కుట్టినా అది బట్టే అని అల్లంత దూరం నుంచి తెలుస్తూనే ఉంది. ఆటోవాళ్లు గుమిగూడారు.

"ఏం మాస్టర్, పండుగకు కారుకు సుత కొత్త బట్టలా?"

"లంగా ఏసిండు భాయ్, కప్పకు లంగా!"

నేను షెడ్డు వెనకకు పోయి తలుపు సందులోంచి చూశాను. శేషగిరి గారు వచ్చి, ఆ వెండి గుడ్డ మీద ఈ చివర నుంచి ఆ చివరకు చెయ్యి నడిపారు. "ఏంటిది నర్సయ్యా?"

నాయిన తల ఎత్తలేదు. "ఆల్టర్ చేసిన సార్. ఇగ అరవైలదే."

ఆయన అది పీకి పారేస్తారనుకున్నాను. పారేయలేదు. టాపు వెనక్కి మడిచి, ఎక్కి కూర్చుని, సందంతా నవ్వుతుంటే ఎవరి వైపూ చూడకుండా పంజగుట్ట వైపు పోనిచ్చారు. ఎండలో ఆ బంపర్ కళ్లు జిగేల్మనేట్టు మెరిసింది. నేను చదివిన ఒక్క పేజీని కప్పడానికి ఇద్దరు పెద్దమనుషులు పదిమందిలో నవ్వులపాలవుతున్నారని ఆ తలుపు వెనక నాకు తెలిసింది. ప్రతి వానకూ ఆ వెండి పొక్కి రాలేది, ప్రతి దసరాకూ నాయిన మళ్లీ కుట్టేవాడు, పెంకుటింటి వాళ్లు ఊరు మారి బండి అమ్ముకునేదాకా. అన్నేళ్లలో శేషగిరి గారు ఆ ముచ్చట మళ్లీ ఒక్కసారి కూడా చెప్పలేదు. నాయిన కూడా నన్ను ఏదన్న అడుగుండ్రి అని ఎవరితోనూ అనలేదు.

చెప్పు కుట్టించుకుని నడిచాను. పంజగుట్టలో ఒక మాల్ ముందు పాత కార్లు నిలబెట్టారని విని బయలుదేరిన దాన్ని. మా షెడ్డు ఉన్నచోట ఇప్పుడు కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పెంకుటిల్లు హాస్టల్ అయింది. లైబ్రరీ ఉంది, నిండా పోటీ పరీక్షల పిల్లలు. ఆ నున్నటి కాగితాల పుస్తకం మాత్రం లేదు. నాయిన పోయి చాలా ఏళ్లయింది.

వరుసలో నాలుగోది కప్ప కారు. అలాంటివి ఎన్నో ఉంటాయి, అదే కాకపోవచ్చు అనుకుంటూ దగ్గరికి పోయాను. ముందు అట్ట మీద చక్కటి అక్షరాలతో డెబ్బైల మోడల్ అని రాసి ఉంది. నేను చేతులు కట్టుకుని చెప్పిన మాటే. ఒక కుర్రవాడు నల్ల బంపర్‌ను గుడ్డతో తోముతున్నాడు. రబ్బరు మీద అడ్డంగా పసుపు గీతలు, రెండు వేళ్ల వెడల్పుతో.

"గీ మరకలు ఏందో ఆంటీ, ఎంత తోమినా పోతలేవు."

"సొల్యూషన్ అది. ఒకప్పుడు దీనికి కవరుండేది. మా నాయిన కుట్టిండు."

"బంపర్‌కు కవరా?" నవ్వాడు. "ఎందుకు ఆంటీ?"

నా చెవులు మళ్లీ వేడెక్కాయి.

"అప్పుడిది అరవైల కారు బిడ్డా" అన్నాను.

వాడు అట్ట వైపు చూశాడు, నా వైపు చూశాడు. పెద్దదాన్నని కాబోలు, కాదనలేదు. గుడ్డ మడత మార్చి, తోమిన చోటే మళ్లీ తోమడం మొదలుపెట్టాడు.