పట్టాభి గారి గేటు దాటాలంటే

కొత్తపేటలో పట్టాభి గారికి ఉన్నది ఒకటే పిచ్చి. ఏ దేశం మనల్ని ఎన్ని రోజులకు రానిస్తుంది, అక్కడ ఇడ్లీ ఎంత? ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. దగ్గరగా చూసిన విమానాలు నాదర్‌గుల్ శిక్షణ మైదానంలో పిల్లలు నడపడం నేర్చుకునేవే. అయినా ఎవరైనా కిరాయి పెరిగిందంటే చాలు, "ఆ డబ్బుకి హనోయ్‌లో బాల్కనీ కూడా ఇస్తారండీ" అనేవారు.

వాళ్ల పైపోర్షన్‌లో ఉండే అండాలమ్మ రైతుబజారులో ఆకుకూరలు అమ్ముతుంది. తోటి ఆడవాళ్లు నలుగురితో కలిసి మలేషియాలో పెద్ద మురుగన్ విగ్రహం చూడాలని టికెట్లు కొనేసింది. తీరా కొన్నాక భయం పట్టుకుంది. ఆఫీసరన్నవాడి ముందు ఆమెకు నోరు పెగలదు. పాస్‌పోర్టుకు వెళ్లినప్పుడు నాన్న పేరు అడిగితే ఏడ్చేసింది.

"నేను పోనమ్మా," అంది పట్టాభి గారి భార్య లలితకుమారితో. "ఆడ నన్నొక్కదాన్నే వాపస్ పంపితే ఇజ్జత్ పోతది."

పట్టాభి గారు పేపర్లోంచి తలెత్తకుండా, "అక్కడ టీ మూడు రింగిట్లు" అన్నారు.

మర్నాటికి ఆయన పిచ్చి ముదిరింది. గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చినవాళ్లనల్లా ఆపడం మొదలుపెట్టారు.

"ఎందుకొచ్చావు?"

"గ్యాస్ సార్."

"ఎన్ని రోజులుంటావు?"

"రెండు నిమిషాలు."

"రిటర్న్ టికెట్?"

అతను కాసేపు ఆలోచించి, బండి మీది ఖాళీ సిలిండర్ ఎత్తి చూపించాడు. వెళ్లనిచ్చారు.

అల్లుడు శ్రీకర్‌కి అంత అదృష్టం లేదు. బస ఎక్కడ అని అడిగితే "మీ ఇంట్లోనే మామయ్యా" అన్నాడు. ఆహ్వానపత్రం లేదని స్వీట్ల డబ్బాతో సహా పావుగంట ఎండలో నిలబెట్టారు.

అండాలమ్మకైతే రోజూ ప్రశ్నలు ఇంగ్లీషులోనే. మొదటిరోజు గంప జారవిడిచింది. నెల తిరిగేసరికి కోపం భయాన్ని మింగేసింది.

"టూరు. ఫైవ్ డేస్. హోటల్. గిది రిటర్న్ టికెట్. తిండికి దినాం అరవై రింగిట్లు. ఇగ జరుగున్రి సార్, కాళ్లు గుంజుతున్నయ్."

కౌలాలంపూర్‌లో దిగాక, తోడొచ్చిన నిమ్మకాయలమ్మే వేదవతి పాస్‌పోర్టు కౌంటర్ ముందు కొయ్యబారిపోయింది. వెనకనున్న అండాలమ్మ ముందుకొచ్చి, "సేమ్ గ్రూప్ సార్. ఫైవ్ డేస్" అంటూ ఇద్దరి కాగితాలూ ముందు పెట్టింది. రెండు ప్రశ్నలకే ముద్ర పడింది. ఇంతేనా అనిపించింది అండాలమ్మకు.

హోటల్‌కు చేరగానే లలితకుమారికి ఫోన్ చేసింది. "సారు గేటు కాడనే ఉన్నడా అమ్మా?"

"ఇంకెక్కడి గేటు? నువ్వు బయల్దేరగానే కుర్చీ లోపలేశారు. నిన్నొక్కదాన్నే అడిగితే చిన్నబుచ్చుకుంటావని వచ్చినవాళ్లందర్నీ అడిగారే. కూరలకెళ్లొస్తే నన్ను కూడా ఆపారు."

"సారుకు ఏం తేవాలె?"

"ఏమీ తేకు తల్లీ. ఏవి తేవచ్చో, ఏవి తేకూడదో నాలుగు పేజీలు రాసుకుని కూర్చున్నారు."

అయినా మర్నాడు గుడి దగ్గర అంగట్లో ఆయన మోకాళ్ల నొప్పులకు ఓ పెద్ద నూనె సీసా కొంది అండాలమ్మ.

"ఎయిర్‌పోర్టుల ఆపితే ఎట్ల?" అంది వేదవతి.

"ఆపనీ. నేను మాట్లాడ్త."