పాటలో దొరికిన నా మాట

సహోదరులారా, ఒకరోజు పొద్దున అశోక్ నగర్‌ల మా ఇంట్ల చాయ్ వడపోస్త, మా ఆయన ప్రభాకర్‌ను పిలుద్దామని నోరు తెరిస్తే మాట రాలేదు. మనసుల పేరు ఉన్నది, నాలుక మీదికి మాత్రం వస్తలేదు. గిన్నె చేతుల నుంచి జారిపడితే ఆ చప్పుడుకు ఆయన ఉరికొచ్చిండు. దవాఖానల మెదడుకు రక్తం అందే నరం మూసుకపోయిందని, ప్రాణానికి భయం లేదు గానీ మాట, చదువు ఎంతవరకు తిరిగొస్తయో చెప్పలేమని డాక్టర్లు అన్నరు.

నేనేం పని చేసేదాన్నో మీలో చాలమందికి తెల్వదు. కంప్యూటర్ల, ఫోన్ల కనిపించే స్క్రీన్లు మామూలు మనుషులకు సులువుగ అర్థమయ్యేటట్టు చేయడం నా పని. నేను ఉద్యోగంల చేరిన కాలంల ఇంజనీర్లు సాఫ్ట్‌వేర్ రాసిచ్చేటోళ్ళు, వాడేటోళ్ళకు అర్థం కాకపోతే వాళ్ళకే తెలివి లేదనేటోళ్ళు. నాకది న్యాయం అనిపియ్యలే. చిక్కడపల్లిల ఒక బ్యాంకుకు పోయి, కౌంటర్ల పని చేసే అక్క పక్కన కుర్చీ వేసుకుని, ఆమె వేలు ఎక్కడ ఆగుతున్నది, ఎక్కడ పరేషాన్ అయితున్నది అని పొద్దంత చూసేదాన్ని. ఇంజనీరు చదివి ఇదేం పని అని ఆఫీసుల నవ్విన్రు. నేను మార్చిన స్క్రీన్ మీద ఆ అక్క ఎవర్నీ అడగకుండ పని చేసుకున్నంక ఆ నవ్వులు ఆగినయి. తర్వాత మా కంపెనీల దానికే ఒక విభాగం పెట్టిన్రు, నేను కనిపెట్టినవాటికి నా పేరు మీద పేటెంట్లు వచ్చినయి, అంతా దేవుని కృపే.

అసొంటి నాకు ఇంటికొచ్చినంక ఫోన్ చేతికిస్తే, నేనే గీసిన స్క్రీన్ల నాకు దారి దొరకలే. అక్షరాలు కనిపిస్తున్నయి గానీ ఏం రాసున్నదో తెలుస్తలేదు. చూడ వచ్చినోళ్ళు నాకు చెవుడొచ్చినట్టు గట్టిగ మాట్లాడేటోళ్ళు, లేకుంటే నా ముందరనే "సుశీల అన్నం తింటున్నదా?" అని ఆయన్ను అడిగేటోళ్ళు. నేను ఇక్కడే ఉన్న అని ఎట్ల చెప్పాలె? బతుకు మీద ఆశ పోయింది, మందిరానికి పోదాం రా అంటే తల అడ్డంగ ఊపిన.

మన పాస్టరమ్మ మాత్రం నారాయణగూడ నుంచి ఆటోల వచ్చి, నా చెయ్యి పట్టుకుని కూర్చునేది. ఒకనాడు ఇట్ల ప్రార్థన చేసింది: "ప్రభువా, నీ బిడ్డ ఏం చెప్పాలనుకుంటున్నదో మాకు తెలుస్తలేదు, నీకు తెలుసు. నువ్వు విను తండ్రీ." నేను వెక్కి వెక్కి ఏడ్సిన. నేను చెప్పాలనుకునేది ఒకటి ఉన్నదని అన్నది ఆమె ఒక్కతే.

ఆ ఆదివారం మందిరానికి వచ్చిన. మీరందరు నాకు చిన్నప్పటి నుంచి వచ్చిన పాట పాడుతున్నరు, నేను కండ్లు మూసుకుని కూర్చున్న. పక్కన ఆయన గొంతు ఆగిపోయింది. ఏమైందని కండ్లు తెరిస్తే ఆయన నా దిక్కే చూస్తున్నడు, కండ్లల్ల నీళ్ళు. నేను పాడుతున్న, సహోదరులారా, ఒక్క మాట పోకుండ, చరణమంత పాడుతున్న!

పాట అయిపోంగనే మళ్ళ నోరు ఆగింది. అయితే మాట నేర్పే డాక్టరమ్మకు ఆయన ఈ సంగతి చెప్తే, ఆమె సంతోషపడి, నీళ్ళు కావాలె అన్న మాటను కూడా రాగం తీసి చెప్పించుడు మొదలుపెట్టింది. మెదడుల పాటకు వేరే దారి ఉంటదట. ఆ దారి నా కోసం ముందే వేసి పెట్టిన దేవునికే మహిమ.

మాట కొంచెం తిరిగినంక, నా దగ్గర పని నేర్చుకున్న శ్రావణితోని కలిసి మాట పోయినోళ్ళ కోసం ఫోన్ల ఒక యాప్ తయారు చేసిన. దాంట్ల చదవాల్సింది ఏం లేదు. ఫొటో నొక్కితే ఆ మాట రాగంల వినిపిస్తది, వెంట పలుకొచ్చు. మొదట పక్షవాతంతోని మాట పోయిన నర్సింలన్నకు వాళ్ళింటికి పోయి ఇచ్చినం, పాలమూరు నుంచి వచ్చి ఇక్కడ మేస్త్రీ పని చేసేటోడు. స్క్రీన్ నిండ బొమ్మలు చూసి ఆయన వేలు గాలిలనే ఆగిపోయింది. పక్కన కూర్చుని చూసిన నాకు తప్పు ఎక్కడున్నదో తెలిసింది. అన్నీ తీసేసి ఆయన భార్య యాదమ్మ ఫొటో ఒక్కటే పెద్దగ పెట్టినం.

ఆయన నొక్కిండు. రాగం వినుకుంట పెదవులు కదిపిండు, కదిపిండు, "యా...దమ్మా" అన్నడు. వాకిట్ల బట్టలు పిండుతున్న ఆమె తడి చేతులతోనే లోపలికొచ్చి, "నన్నే పిలిచినవా? ఇంకోసారి పిలువయ్యా," అని ఆయన ముందర కూలబడ్డది.

నాకింకా పేపర్ల ఒక పేరా చదవాలంటే చాలసేపు పడతది, పూర్తిగ బాగైందని అబద్ధం చెప్పను. అయినా నన్ను ఆ చీకట్ల విడిచిపెట్టని నా తండ్రికి స్తోత్రం. మీలో ఎవరన్న బాధను మాటల్ల పెట్టలేక లోపలే కుములుతుంటే, ప్రార్థనకు మాటలు వస్తలేవని ఆగకండి. నోరు తిరగకున్నా ఆయన ముందర కూర్చోండి, ఆయన వింటడు. ఒక్కరే కూర్చునుడు కష్టమైతే చెప్పండి, నేనొచ్చి మీ పక్కన కూర్చుంట.