చెరువు వైపు చూడని ఇల్లు

మేడ్చల్ మార్కెట్లో చేపల దుకాణాల వెనక నైలాను వలలు ఆరేస్తారు. తడి బురద, చేప జిగురు, ఎండకు వేడెక్కిన దారం కలిసిన ఆ వాసన తగిలితే ఇప్పటికీ నా నడక ఆగిపోతుంది. అది మా ఇంటి వాసన. నా భయానికి కూడా అదే వాసన.

తొంభైల్లో మేము శామీర్‌పేట చెరువు పక్కన ఉండేవాళ్ళం. నాయిన లారీ ట్యూబు మీద చెక్కలు కట్టిన తెప్పతో చేపలవేటకు వెళ్ళేవాడు. ఆయన నీళ్ళలో ఉన్నంతసేపూ ఇంట్లో ఎవరూ చెరువు వైపు చూడకూడదని ఆయన తల్లి, మా అవ్వ, కట్టుబాటు పెట్టింది. వాకిట్లోంచి నీళ్ళు బాగా కనబడేవి. అందుకని అమ్మ బియ్యం ఏరుతున్నా, అవ్వ చింతపండు గింజలు తీస్తున్నా, నేనూ చెల్లీ తొక్కుడుబిళ్ళ ఆడుతున్నా, అందరి వీపులూ చెరువుకే ఉండేవి. ఒకసారి నేను తల తిప్పబోతే అవ్వ నా గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది.

"సూడకు బిడ్డా. మనం సూస్తున్నమని నీళ్లకు తెల్వొద్దు."

"మీరు సూడకుంటే ఏంది అవ్వా, చేపలు నన్నే సూస్తుంటయి" అని నాయిన నవ్వేవాడు. అవ్వ నవ్వేది కాదు. తాత ఆ చెరువులోనే మునిగిపోయాడు. ఆ రోజు ఆమె గట్టు మీద నిలబడి చూస్తూనే ఉందట.

ఎనిమిదో తరగతిలో మా ఇంగ్లీషు సారుకు మాటల పుట్టుక చెప్పడం ఇష్టం. వేసవి సెలవులకు ముందు ఒకరోజు 'ఎక్స్‌పెక్ట్' అనే క్రియ గురించి చెప్పారు. లాటిన్‌లో ఎక్స్ అంటే బయటికి, స్పెక్తారె అంటే చూడటం; రావలసినదాని కోసం బయటికి చూడటమే దీని మొదటి అర్థం అన్నారు. హోప్ అనే మాటను మనం కోరుకునే వాటికే వాడతామట. ఎక్స్‌పెక్ట్‌కు ఆ పట్టింపు లేదు. జరుగుతుందని మనసుకు తోస్తే చాలు, మంచికీ వాడొచ్చు, చెడుకీ వాడొచ్చు. దెబ్బలకు కూడా వాడొచ్చా అని ఒక పిల్ల అడిగితే, హోంవర్క్ చెయ్యనివాళ్ళు తప్పకుండా వాడాలన్నారు. అందరూ నవ్వారు. మా ఇంట్లో చెయ్యకూడని పనే ఒక భాషలో ఎదురుచూడటానికి పేరైందని తోచి నేను ఆ మాటను నోటుబుక్కులో కొట్టేశాను.

జూన్‌లో మిరుగు వచ్చింది. మృగశిర కార్తె మొదటి రోజున మా వాడలో చేపలు వండని ఇల్లుండేది కాదు. చింతపులుసు, మెంతిపొడి, కొత్తిమీర కలిసిన ఆవిరి గుమ్మం గుమ్మం నుంచీ వచ్చేది. పొద్దున తెచ్చిన బొచ్చె చేపలన్నీ అమ్ముడుపోవడంతో నాయిన మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాడు. ఆయన చెరువు నడుమకు చేరి ఉంటాడనగా దుమారం లేచింది. రేకులు దడదడలాడాయి, నోట్లోకి మట్టి వచ్చింది, పొయ్యి ఆరిపోయింది. అమ్మ ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరుతోంది. వెనక నీళ్ళ చప్పుడు పెరుగుతుంటే అది మా వీపుల దాకా వస్తున్నట్టనిపించి నా మెడ బిగుసుకుపోయింది.

అప్పుడు అవ్వ లేచి, కొంగు బిగించి, చెరువు వైపు తిరిగి చూడసాగింది. గాలి కన్నా ఆమె అలా తిరగడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"అత్తమ్మా, సూడకు" అని అమ్మ ఏడ్చింది.

"ఇగ దాసేదేముందే" అంది అవ్వ.

సారు చెప్పిన తేడా నాకు అప్పుడు అర్థమైంది. అమ్మ ఇంకా కోరుకుంటోంది. అవ్వ కోరుకోవడం మానేసింది.

నాయిన పొద్దుగూకే వేళకు వచ్చాడు. అవతలి గట్టుకు కొట్టుకుపోయి, తెప్ప పోగొట్టుకుని, రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వచ్చాడు. చెరువుకు వీపు పెట్టిన మాకే ముందుగా కనబడ్డాడు. దగ్గరికి వెళ్ళి అవ్వ భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె నీళ్ళ మీంచి చూపు తియ్యలేదు.

"ఎవలు నాయినా, జర పక్కకు జరుగు. నా కొడుకు నీళ్లల్ల ఉన్నడు."

ఆ తర్వాత నాయిన మళ్ళీ నీళ్ళలోకి దిగలేదు, తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబులో తోటపనికి కుదిరాడు. అయినా అవ్వ పోయేదాకా, కొడుకు పక్కనే కూర్చుని అన్నం తింటున్నా సరే, రోజూ సాయంత్రం ఆ నీళ్ళనే చూస్తూ కూర్చునేది.

నాయిన నిరుడు పోయాడు. మా వాకిలి ఉన్నచోట ప్లాట్ల ప్రహరీ లేచింది, అక్కడ నిలబడితే చెరువు కనబడదు. ఇళ్ళల్లో ఇప్పుడెవరూ చూడకుండా ఎదురుచూడరు. మా అమ్మాయి తుర్కపల్లి నుంచి కంపెనీ క్యాబులో బయలుదేరితే ఆ బండి నా ఫోన్లో చుక్కలా కదులుతుంది. ఈ సాయంత్రం వాన పడుతోంది. చుక్క హైవే మీద ఎక్కడో ఆగింది. ఫోను బోర్లా పెడతాను, వెంటనే తిప్పుతాను. చుక్క ఇంకా కదల్లేదు.