నర్సమ్మ మిరపకాయల మీది గీతలు

పొద్దున వేరే ఊరి నుంచి బస్సు దిగి నేరుగా నా అంగడి షట్టర్ ఎత్తుతుంటే ఎదురు టీ అంగడాయన కేకేసి చెప్పాడు. "నర్సమ్మ పోయిందంట గదన్నా!" ఎత్తిన షట్టర్ మళ్లీ దించి పరుగెత్తాను. నేను చేరేసరికే ఆమె వాకిట్లో ఒక నాయకుడు దండ పట్టుకొని ఫోన్ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన మనిషి నన్ను భుజం పట్టి లాగాడు. "జరుగన్నా, ఫోటోకు అడ్డం పడతాండావు." ఛీ, చచ్చిన మనిషి ముందర కూడా ఇదేనా అని ఒళ్లు మండింది. అయినా ఆ వాకిట్లో అందరికంటే రోత మనిషిని నేనే. అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆమెది మా పక్కిల్లు. సర్కారు ఆసుపత్రిలో నర్సుగా పామిడిలో సగం మందికి చిన్నప్పుడు సూది వేసింది ఆమే. "ఏడువు నాయనా, బాగా ఏడువు, నొప్పి బయటికి పోతాది" అనేది. ఒంటరి మనిషి. రిటైరయ్యాక కడుపులో పుండ్లని డాక్టరు కారం మాన్పించాడు. సీమలో పుట్టి కారం లేకుండా సంగటి తినడమంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. "గడ్డి తిన్నట్టుండాదప్పా" అని గోడ మీదుగా మొత్తుకునేది.

బెంగళూరులో ఉండే ఆమె చెల్లెలు ఒకసారి హాలపీనో మిరప విత్తనాల పొట్లం తెచ్చింది. బొటనవేలికంటే లావు కాయ, దళసరి తోలు, మన మిరపలో సగం కారం కూడా ఉండదు. ఆ కారాన్ని ఆమె కడుపు ఒప్పుకుంది. వానాకాలంలో ఎనిమిది పెయింటు డబ్బాల్లో నాటి, బియ్యం కడిగిన నీళ్లు పోసి, ఎండ ఎక్కువైతే పాత చీర కట్టి పెంచింది. పిల్లల కంటిరెప్ప లాగి చూసినట్టు ఒక్కో ఆకు తిప్పి చూసేది. "పైన సూస్తే ఏం తెలుస్తాది? రోగం ఎప్పుడూ కింద దాక్కోనుంటాది." కాయలు కాల్చి పచ్చడి నూరిన రోజు గోడ మీదుగా గిన్నె చాపి "బతికినానప్పా!" అంది. "బెండకాయకున్న కారం కూడా లేదు నర్సమ్మా" అని నవ్వాను. "నీకు నోరుండాది గానీ నాలిక లేదు" అంది.

చలికాలం చివర కడుపునొప్పి ఎక్కువై అనంతపురం ఆసుపత్రిలో చేరింది. పోతూ తాళం నా చేతికిచ్చి, "నీళ్లు మాత్రం పొయ్యి. ఇంకేం చెయ్యొద్దు" అంది. నాది పురుగుమందుల అంగడి. రైతులు తెంపుకొచ్చిన ఆకులు చూసి మందు చెప్పేవాణ్ణి. మూడో రోజు ఆ కాయల మీద సన్నటి తెల్లగీతలు కనిపించాయి. తెగులని తేల్చేశాను. ఫోన్ చేసి ఒక్క మాట అడిగితే నా సొమ్మేం పోయేది? అడగలేదు. చెయ్యి ఊరుకోక పురుగుమందు రెండింతలు కలిపి కొట్టాను.

ఆమె వచ్చి గేటు తీస్తూనే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆకులన్నీ మాడిపోయి ఉన్నాయి.

"ఏం కొట్టినావప్పా?"

"తెగులు నర్సమ్మా. కాయల నిండా గీతలు."

ఒక కాయ తెంపి నా ముందు పెట్టింది. "ఇది తెగులు గాదు. ఈ జాతి కాయ ముదిరితే తోలు సాలక ఇట్ల చీలుతాది. ఈ గీతల కోసమే నేను కాచుకోనుండేది. ఇంకొన్ని దినాలుంటే పండేవి, విత్తనం తీసుకునేదాన్ని."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మందు పడినవి మేకలు తిని చస్తాయని ఎనిమిది చెట్లూ కాయలతో సహా పీకి, గుంత తవ్వి పూడ్చింది. కొత్త విత్తనం తెప్పిస్తానన్నాను. "ఈ ఎండలకు పూత నిలవదులే. వానలు పడనీ" అంది. వానలకు ముందే పోయింది. అన్నాళ్లూ ఆమె తిన్నది వట్టి పెరుగుసంగటి. చేజేతులా నేను చేసిన పని అది. తలచుకుంటే నా చేతులంటేనే నాకు అసహ్యం పుడుతుంది.

పదకొండో రోజు భోజనాల్లో వడ్డిస్తూ ఆమె చెల్లెలు నా దగ్గర ఆగింది.

"నువ్వేనా అన్నా పక్కింటాయన? అక్క ఫోన్ చేసినప్పుడల్లా నీ మాటే. 'నేను ఆసుపత్రిలో ఉంటే చెట్లను బిడ్డల మాదిరి సూసుకున్యాడు, ఎండకు తట్టుకోలేక అవే పోయినాయి పాపం' అనేది."

మందు కొట్టి చంపింది నేనేనని చెప్పబోయాను. చుట్టూ మనుషులు. ఆమె నా విస్తరిలో ఇంకో వడ వేసి, "మొహమాటపడొద్దన్నా, తిను" అంది.

తిన్నాను.